కొల్లేటి బురదలోంచి నాలుగు పిస్టన్లు

డెబ్బై నాలుగేళ్ళ మనిషి పిస్టన్ల కోసం ఊళ్ళు తిరగడం ఏమిటని మా మనవరాలు అడిగింది. ఈ వయసులో తీర్థయాత్రలు చేయాలట. చేశాను. క్యూలలో నిలబడి మోకాళ్ళు అరిగాయి. మోకాళ్ళకూ విడిభాగాలు వస్తున్నాయి గానీ, డాక్టరు చెప్పిన ధర విన్నాక కారుకు వేయించడమే చవక అనిపించింది. పాత కారు ఇంజను విప్పించి, సిలిండర్లు పోయాయని తెలిసి, పిస్టన్లు ఎక్కడ వెతకాలో తోచక కూర్చున్నవాళ్ళు నాలాగే ఇంకా ఉంటారని ఇది రాస్తున్నాను. ఏలూరులో బయలుదేరి కొల్లేటి మీదుగా ఆకివీడు, అక్కడి నుంచి తాడేపల్లిగూడెం, మళ్ళీ ఇల్లు. పొద్దున్నే బయలుదేరితే ఒక్క రోజులో అయిపోతుంది. దారిలో పిస్టన్లతో నేరుగా సంబంధం లేని సంగతులు కొన్ని ఎదురయ్యాయి. వాటిని తీసేసి రాసి చూశాను. మిగిలింది ధరల పట్టికలా ఉంది, కొంచెం అబద్ధంలా కూడా ఉంది.

మా కారు నల్లది, నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను, నాకన్నా రెండేళ్ళు చిన్నది. మా ఆయన సత్యనారాయణ, మా చెల్లెలు రాజ్యం భర్త రంగారావు ఒకే వేలంలో ఒకే రకానివి రెండు పాడుకున్నారు. తోడల్లుళ్ళు ఒకరికొకరు తీసిపోకూడదు కదా. రెండు ఇంజన్లూ ఒకేసారి రీబోరుకు, అంటే సిలిండర్లు కోయించి కొత్త పిస్టన్లు వేయించే దశకు వచ్చాయి. ఏలూరులో కరీం గారి షెడ్డుకు తీసుకెళ్ళారు. ముందు ఎవరి బండి విప్పాలన్న దగ్గర పేచీ పడింది. పెద్దల్లుణ్ణి నేను అన్నారు మా ఆయన. నాకోసం రోగులు ఎదురుచూస్తున్నారు అన్నాడు రంగారావు. అతను పశువుల డాక్టరు, రోగులంటే గేదెలు. కరీం గారు మెత్తని మనిషి. ఎవరి మాటా కాదనలేక రెండు ఇంజన్లూ ఒకే పూట విప్పి పక్కపక్కన పరిచారు. ఆయనకు ఒక అలవాటు ఉండేది. కొత్త పిస్టన్లను తూచి, బరువు కలిసిన నాలుగింటిని ఒక జట్టు చేసి, ప్రతిదాని లోపలి గోడ మీదా సన్నటి ఉలితో యజమాని పేరులో మొదటి అక్షరం చెక్కేవారు. మా ఆయనవి ‘స’. మరిదివి ‘ర’.

ఆ తర్వాత రెండేళ్ళకు తుఫాను వచ్చింది. రంగారావు కాపురం పెంటపాడులో. కైకలూరు దగ్గర లంకల్లో పశువులు పీకల్లోతు నీళ్ళలో ఉన్నాయని కబురొస్తే కారు తీసుకుని వెళ్ళాడు. మనిషీ రాలేదు, కారూ రాలేదు. అదే వారం తాడేపల్లిగూడెంలో టైపు నేర్పే ఒకావిడ ఎవరికీ చెప్పకుండా ఊరు వదిలింది. జనానికి అంతకన్నా ఏం కావాలి? కైకలూరు నుంచి పడమరకు తిరిగితే గుడివాడ, బెజవాడ. తూర్పుకు తిరిగితే ఆకివీడు, పెంటపాడు, ఇల్లు. అతను పడమరకు తిరిగాడని ఊరు తేల్చేసింది. రాజ్యం మాత్రం ముప్పై అయిదేళ్ళుగా బొట్టు చెరపకుండా, ఎవరడిగినా “క్యాంపుకు వెళ్ళారండీ” అని చెబుతోంది. దానికి తెలియాల్సింది ఒక్కటే: ఆయన వెళ్ళిపోయాడా, ఇంటికి వస్తూ ఆగిపోయాడా. నాకూ అదే తెలియాలి. కాకపోతే, తెలిస్తే దానికి చెప్పాల్సింది నేనే గనక, తెలియకపోయినా బాగానే ఉండేది.

ఈ కార్తీకంలో మా కారు నీలం పొగ కక్కడం మొదలుపెట్టింది. కరీం గారు ఇప్పుడు లేరు. వాళ్ళబ్బాయి మస్తాన్ హెడ్డు, అంటే ఇంజను పైమూత విప్పి చూపించాడు. మూడు సిలిండర్ల గోడల మీద గోళ్ళతో రక్కినట్టు నిలువు గీతలు. ఇలాంటప్పుడు దారులు రెండు. గీతలు పైపైన ఉంటే సిలిండరును తర్వాతి సైజుకు కోయించి, అంత లావు పిస్టన్లు కొనుక్కోవచ్చు. లోతుగా ఉంటే గోడను బాగా కోసి, లోపల కొత్త ఇనుప గొట్టం దిగగొట్టాలి. దాన్ని లైనరు అంటారు. లైనరులో ఒక సౌకర్యం ఉంది. దాని లోపలి కొలతను మనకు దొరికిన పిస్టనుకు తగ్గట్టు కోయించుకోవచ్చు. మాకు రెండోదే గతి. వేరే బండి పిస్టన్లు తెచ్చి సర్దుతామని ఇద్దరు ముందుకొచ్చారు. లావు సరిపోయినా, పిస్టనును కింది రాడ్డుకు కలిపే పిన్ను ఉండే ఎత్తు తేడా వస్తే పిస్టను పైకి వెళ్ళి హెడ్డును కొడుతుంది. ముప్పై ఏళ్ళు ఫిజిక్సు చెప్పిన దాన్ని, అంత సర్దుబాటుకు ఒప్పుకోలేదు.

మస్తాన్ మా పిస్టన్లు కిరసనాయిలుతో కడిగి బల్ల మీద వరసగా పెట్టాడు. లోపలి అక్షరాలు చూశాను. స, స, ర, స.

“ఇదేంటి మస్తాన్?”

అతను మూడోదాన్ని తిప్పి చూసి, మళ్ళీ తిప్పి చూశాడు. “మా నాన్న చేతిలో పొరపాటు జరగదండీ టీచరుగారూ.”

“జరగలేదు నాయనా. పిస్టనే లేచి నడిచి వచ్చి ఉంటుంది.”

“ఒకింటి అల్లుళ్ళిద్దరూ నెత్తి మీద కూర్చుంటే ఆయన మాత్రం ఏం చేస్తారండీ,” అన్నాడు. అది న్యాయమే. అంటే మా ఆయన పిస్టను ఒకటి రంగారావు కారులో ఉందన్నమాట, ఆ కారు ఎక్కడుంటే అక్కడ.

మూడు రోజులకు మస్తాన్ ఫోను చేశాడు. ఆకివీడులో ఒక పాత ఇనుము కొట్లో ఇదే ఇంజనువి, ఇదే ఇరవై సైజువి నాలుగు పిస్టన్లు ఉన్నాయట. ఇరవై సైజంటే అసలు కొలత కన్నా అంగుళంలో వెయ్యో వంతులు ఇరవై ఎక్కువ. “ఏ బండివి?” అన్నాను. “ఏదో పాతదటండీ,” అన్నాడు. నాకు అనుమానం రాలేదంటే అబద్ధం. వచ్చింది, గుమ్మం బయటే కూర్చోమన్నాను.

మార్గశిరంలో ఒక బుధవారం ఉదయం ఆరున్నరకు ఏలూరులో బయలుదేరాం. రోజంతటికీ టాక్సీ మూడు వేల ఎనిమిది వందలు, పెట్రోలుతో కలిపి. బస్సులోనూ వెళ్ళొచ్చు గానీ నాలుగు పిస్టన్లు మోసుకుని మూడు బస్సులు మారడం నా వయసువాళ్ళకు సలహా ఇవ్వను. సిలిండర్లుండే ఇంజను బ్లాకును మస్తాన్ ముందురోజే లగేజీ ఆటోలో తాడేపల్లిగూడెం పంపేశాడు. మా పిస్టన్లలో గీత పడనిది ఆ మూడోదొక్కటే, ‘ర’ అక్షరంది. పోల్చుకోవడానికి నమూనాగా దాన్ని గుడ్డలో చుట్టి నా చేతికిచ్చాడు. డ్రైవరు నాగు నలభై ఏళ్ళవాడు, మాటకారి. ఊరు దాటి కొల్లేటి రోడ్డు ఎక్కాక మాత్రం మాట తగ్గింది. మంచు. అటూ ఇటూ నీళ్ళు, నీళ్ళకూ ఆకాశానికీ మధ్య గీత లేదు. గట్ల మీద గూడబాతులు ఒక్కటీ కదలకుండా నిలబడి ఉన్నాయి. నాగు ఫోనులో దారి చూపించే బొమ్మ తెరిచి ఉంచాడు. అందులో నీలం చుక్క, అంటే మేము, రోడ్డు మీద లేదు. చాలాసేపు నీళ్ళలోనే సాగింది.

“హారను కొట్టవయ్యా. ఎదురుగా ఏముందో నాకే కనిపించట్లేదు.”

“ఇక్కడ కొట్టనండి.”

“ఏం?”

“మనం కొడితే ఇంకోటి కొడుద్దండి.”

“దాన్ని ప్రతిధ్వని అంటారు. ఎదురుగా గోడో కొండో ఉంటే వస్తుంది.”

“గోడ లేదు కదండీ. అందుకే కొట్టను.”

నెమ్మదిగా పోనిమ్మన్నాను.

ఎనిమిదికి కైకలూరులో ఆగి టిఫిను చేశాం. బస్టాండు దగ్గర చిన్న హోటలు, పెసరట్టు యాభై రూపాయలు, అల్లం పచ్చడి బాగుంది. అట్లు వేసే ఆవిడ నా చేతిలో గుడ్డ మూట చూసి “ఏంటండీ అది, దేవుడా?” అంది. “పిస్టనమ్మా,” అన్నాను. “అలాగాండీ,” అని ఇంకో రెండు చెంచాల పచ్చడి వేసింది. ఈ ప్రాంతంలో జాలి ఇలాగే చూపిస్తారు.

ఆకివీడు చేరేసరికి తొమ్మిదీ పావు. చేపల లారీలు వరసగా నిలబడి నీళ్ళు కారుస్తున్నాయి. ఇనుము కొట్టు రైలు గేటు దాటాక, రేకుల షెడ్డు. షావుకారు అరవై ఏళ్ళ మర్యాదస్తుడు. కుర్చీ తుడిపించి, టీ తెప్పించి, గోనె సంచి విప్పి నాలుగు పిస్టన్లూ బల్ల మీద పెట్టాడు. పిస్టను చూసేటప్పుడు ముందు నెత్తి చూడాలి, తర్వాత రింగులు కూర్చునే గాళ్ళు, ఆ తర్వాత పిన్ను రంధ్రం. నేను మొదట లోపల చూశాను. మొదటిది ర. రెండోది ర. మూడోది ర. నాలుగోదాన్ని కిటికీ వెలుగుకు తిప్పాను. స.

కరీం గారి ‘స’కు తలకట్టు కొంచెం పొడుగ్గా ఉంటుంది. మస్తాన్ బల్ల మీద ఉన్న మూడింటికీ అలాగే ఉంది. నా మూటలోని ‘ర’ తీసి పక్కన పెట్టాను. షావుకారు ఐదింటినీ చూసి, నా ముఖం చూసి, టీ పక్కకు జరిపాడు.

“ఇవి ఎక్కడివండీ?”

“చెరువులోవండి. ఇక్కడికి ఆరు కిలోమీటర్లు. వేసవిలో చెరువు ఎండగట్టి పొక్లెయినుతో పూడిక తీస్తంటే కారు పైకప్పు తగిలిందంటండి. నెంబరు పలక తుప్పు తినేసింది. స్టేషనువాళ్ళు వచ్చి చూసి రాసుకున్నారు. నాలుగు నెలలు చూశారండి, నాదని ఎవరూ రాలేదు. అప్పుడు నేను కొన్నాను.”

“కనెక్టింగు రాడ్లు ఎలా ఉన్నాయి?”

“రెండు వంగిపోయాయండి. రెండోదీ మూడోదీ.”

ఇది నేను అడగాల్సిన ప్రశ్నే. ఈ రాడ్లు పిస్టన్లను కింది ఇరుసుకు కలిపే కడ్డీలు. ఆగి ఉన్న ఇంజనులోకి నీళ్ళొస్తే రాడ్లు వంగవు. తిరుగుతున్న ఇంజను నీళ్ళు మింగితేనే వంగుతాయి, ఎంత నొక్కినా నీళ్ళు నలగవు గనక. కారును ఎవరో తోసి వదిలేయలేదు. నడుపుతుండగా మునిగింది.

షావుకారు ఆరు వేలు చెప్పాడు. ఇచ్చేశాను. ఆయన డబ్బు పట్టుకుని బెంగగా చూశాడు. “బేరం ఆడరేంటండీ?”

“ఆడితే ఇది నా సొంత సరుకని చెప్పాల్సొస్తుంది,” అన్నాను. పాపం ఆయన నాగుకు కూడా టీ తెప్పించాడు.

ముప్పై అయిదేళ్ళు బురదలో ఉన్న అల్యూమినియం గుల్లబారి ఉండాలి. ఇవి అలా లేవు. గాలి సోకని నల్లబురద, దాని కింద ఇంజనాయిలు, అందుకే పాడవలేదన్నాడు షావుకారు. నమ్మదగిన మాటే. నేను వాటిని కిరసనాయిలుతో తుడిపించి, పొడిగుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుని ఒడిలో ఉంచుకున్నాను. పది నిమిషాలకు నా చీర తడిసింది. సంచి అడుగు నుంచి ఒక్కొక్క చుక్కా కారుతోంది. వాసన చూశాను. కిరసనాయిలు కాదు.

వచ్చిన దారినే వెనక్కి వెళ్ళి, షావుకారు చెప్పిన గట్టు దారిలోకి దిగాం. చెరువును మళ్ళీ నింపేశారు. నీళ్ళ మధ్యలో గాలి కొట్టే చక్రాలు నాలుగు, చుట్టుపక్కల ఒక్క మనిషి లేకుండా తిరుగుతున్నాయి. గట్టు చివర పాకలోంచి కాపలా మనిషి వచ్చాడు. ముసలివాడు, తలకు మఫ్లరు. చుట్టరికం చెప్పాను. అతను నన్ను ఒకసారి చూసి, పాకలోంచి పీట తెచ్చి వేశాడు.

“ఈ చెరువులో వల ఎప్పుడూ ఒక్కచోటే చిరిగేదండి. మొద్దుందనుకున్నాం. చేపలన్నీ అక్కడికే వచ్చి గుమిగూడేయి. మేతకి కాదండి. ఊరికే నిలబడేయి.”

“చేపలు నిలబడటమేమిటి?”

“ఆయ్. కదలకుండానండి. అన్నీ ఒకేపక్క చూస్తా.”

నేను అసలు సంగతి అడిగాను. ముప్పై అయిదేళ్ళ ప్రశ్న అంత చిన్నదిగా ఉంటుందని అనుకోలేదు. “కారు ఏ వైపు తిరిగి ఉంది?”

అతను చెయ్యెత్తి చూపించాడు. మంచులో ఏ దిక్కేదో నాకు తెలియలేదు. నాగునడిగాను. అతను ఫోను చూసి, “తూర్పండి,” అన్నాడు. “ఆకివీడు వైపు.”

నేను పీట మీద కూర్చున్నాను. మిగతావి అడిగాను. లోపల అంతా బురదట. వెనక సీట్లో కొరమీను పిల్లల్ని పెట్టుకుని ఉందట. మనిషి లేడు, ఎముక ముక్క కూడా లేదు. డ్రైవరు పక్క తలుపు బార్లా తీసి ఉంది.

“చెప్పులు మాత్రం ఉన్నాయండి. జతగా, గుమ్మం కాడ ఇడిసినట్టు.”

“ఏం చేశారు వాటిని?”

అతను పాక పక్కన గట్టు అంచుకు తీసుకెళ్ళాడు. నల్లటి తోలు చెప్పులు, ఎండకు కాస్త ముడుచుకున్నాయి, పక్కపక్కన పెట్టి ఉన్నాయి. గడ్డంతా మంచుకు తడిసి నీళ్ళు కారుతోంది. చెప్పులు పొడిగా ఉన్నాయి. దానికీ ఏదో కారణం ఉండే ఉంటుంది.

“నీళ్ళల్లో దొరికిన చెప్పులు పారెయ్యమండి. గట్టున పెడతాం, మా పెద్దోళ్ళు అలాగే చేసేవోరు. మొహం ఊరేపు ఉండాలండి, లేపోతే దారి తెలవదు. ఏ ఊరో తెలీక ఊరికే పెట్టానండి. ఏ ఊరండి ఆయనది?”

“పెంటపాడు.”

అతను వంగి రెండు చేతులతో ఆ చెప్పులను ఈశాన్యానికి తిప్పాడు. ఎడమది కొంచెం వెనకబడితే సరిచేశాడు. నాగు అప్పటికే కారు తిప్పి ఇంజను ఆపకుండా ఉంచాడు.

ఆకివీడు నుంచి గణపవరం మీదుగా పెంటపాడు, అది దాటితే తాడేపల్లిగూడెం, మొత్తం గంటంబావు. పెంటపాడు ముందు వస్తుంది. “అమ్మగారి చెల్లెలిగారి ఊరు కదండీ, ఆగుదామా?” అన్నాడు నాగు. “పని ముందు,” అన్నాను. పిరికివాళ్ళందరూ చాలా పనిమంతులు. ఊరు దాటేదాకా కళ్ళు మూసుకున్నాను.

గూడెంలో మధ్యాహ్న భోజనం నూట ముప్పై. ఆకలి లేదు, అయినా తిన్నాను. లైనర్లు కొట్టే షాపు రైసు మిల్లుల వెనక సందులో ఉంది. ఏలూరులో ఈ పని చేసేవాళ్ళు లేరని కాదు, మస్తాన్‌కు ఈయన చేతి మీద గురి. నా ఈడువాడే, మాట పొదుపు. మా బ్లాకు అప్పటికే ఆయన బల్ల మీద ఉంది. ఒక్కో పిస్టనునూ అడుగు భాగంలో, పిన్నుకు అడ్డంగా, మైక్రోమీటరుతో కొలిచాడు. రింగు గాళ్ళలో కొత్త రింగు పెట్టి సందు చూశాడు. చిన్న సుత్తితో తట్టి మోత విన్నాడు. ‘ర’లు మూడూ కణేల్మన్నాయి. మా ఆయన ‘స’ మొద్దుగా మోగింది.

“పిన్ను పక్కన పగులుందండి. పనికిరాదు.”

“మరి నాలుగోది?”

ఆయన నా నమూనాను చూపించాడు. “ఇది శుభ్రంగా ఉంది కదండీ.”

బరువు చూడాలన్నాడు. పక్క వీధిలో బంగారం కొట్టు త్రాసు మీద తూచాం. కొట్టువాడు పిస్టన్లను తాకట్టు పెట్టడానికి తెచ్చామనుకున్నాడు. ‘ర’లు నాలుగూ ఒక గ్రాము అటూఇటూగా ఒకే బరువు. మా ‘స’ పదకొండు గ్రాములు ఎక్కువ. మా కారు ఆగి ఉన్నప్పుడు ఆ రీబోరు నాటి నుంచీ సన్నగా వణికేది. మా ఆయన బతికినంత కాలం మున్సిపాలిటీ రోడ్లను తిట్టారు. తోడల్లుడి పిస్టను ఒకటి పొట్టలో పెట్టుకుని తిరుగుతున్నానని ఆయనకు తెలియదు.

చెరువులోంచి వచ్చిన మూడింటి తూకం మాత్రం నిలబడలేదు. అంకె దానంతటదే ఒక్కో మెట్టూ దిగుతోంది. త్రాసు పళ్ళెంలో నీళ్ళు. షాపుకు తెచ్చి కంప్రెసరు గాలితో ఊది, స్టవ్వు దగ్గర పెట్టి, మళ్ళీ తూచాక గానీ ఆ ఒక గ్రాము తేడా అని తేలలేదు. “మసిలో తేమ పట్టి ఉంటుందండి,” అన్నాడు ఆయన, నేను అడగకుండానే. “ఉంటుంది,” అన్నాను. ఇద్దరం చదువుకున్నవాళ్ళమే.

“ఇవే వేసేదాండీ?” అని అడిగాడు. మెకానిక్కుగా అడగలేదని అర్థమైంది. కొత్త సెట్టు తెప్పించుకోవచ్చు, రెండు నెలలు పడుతుంది, నాలుగూ కలిసి ఇరవై వేలు దాటుతుంది. ఇవి సరిగ్గా మా ఇంజనువి, కరీం గారు ఏరిన జట్టు, ముప్పై ఏడేళ్ళ తర్వాత ఒక్కచోటికి చేరాయి. “వేయండి,” అన్నాను. “కానీ ఒక మనిషినడిగి, సాయంత్రం ఫోను చేస్తాను. అప్పుడు మొదలుపెట్టండి.” లైనర్లు, కోత, లోపలి నునుపు, రింగులు అన్నీ కలిపి పదకొండు వేలు, ఆరు రోజులు. పగిలిన ‘స’ మాత్రం సంచిలో వేసుకుని పెంటపాడు వెళ్ళాను.

నాలుగైంది. రాజ్యం వరండాలో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నుదుట పావలా కాసంత బొట్టు. నన్ను చూసి లేవలేదు. “మధ్యాహ్నం కళ్ళు మూసుకుని కారులో పోయావటగా. కిళ్ళీ కొట్టువాడు చూసి చెప్పాడు.”

“నిద్రపట్టింది.”

“నీకు పగలు నిద్రేమిటే అక్కా. ఏం తెచ్చావు?”

పిస్టను తీసి దాని చేతిలో పెట్టాను. లోపలి అక్షరం చూపించాను. కరీం గారి అలవాటు దానికీ తెలుసు. ఇది మా ఆయనదనీ, మీ ఆయన కారులో దొరికిందనీ చెప్పాను. రాజ్యం దాన్ని వెలుగుకు తిప్పి చూసింది. “బావగారు ఇందులోకి కూడా దూరారా,” అంది. గొంతు మామూలుగానే ఉంది, చిక్కుడుకాయ మాత్రం చేతిలో రెండు ముక్కలైంది.

చెరువు సంగతి, రాడ్ల సంగతి వరసగా చెప్పాను. క్లాసులో చెప్పినట్టు చెప్పాను, ఇంకోలా చెప్పడం నాకు రాదు. అది మధ్యలో ఆపింది.

“ఎటు తిరిగుంది?”

“ఇటు.”

“సరిగ్గా చెప్పు.”

“తూర్పుకు. ఇంటి వైపుకు.”

“ఎవరు చూశారు?”

“కాపలా మనిషి చూశాడు. దిక్కు ఫోనులో చూశాం. నేను అక్కడే ఉన్నాను, రాజ్యం.”

తలుపు తీసి ఉందని చెప్పాను. చెప్పుల సంగతి చెప్పాను. తెచ్చావా అని అడిగింది. తేలేదన్నాను. తేవాల్సిందేమోనని అప్పుడే మొదటిసారి అనిపించింది.

“మంచి పని చేశావు. అక్కడే ఉండనీ. వేసుకుని నడవాలి కదా,” అంది.

నేను దాని ముఖం చూశాను. బుద్ధి తప్పిన ముఖం కాదు. మా అందరికన్నా తేటగా ఉంది. పిస్టన్లు మా కారులో వేయనా అని అడిగాను. “మరి నాలుగూ ఆయనవేగా. వెయ్యి. ఊరికే ఉంచితే పాడవుతాయి,” అని, ఒడిలో ఈనెలు దులుపుకుని లేచి పిట్టగోడ దగ్గరికి వెళ్ళింది. అవతల మాణిక్యాంబ గారు బట్టలు తీస్తున్నారు. టైపు టీచరమ్మ కథను ఊరికి మొదట చెప్పింది ఆవిడే. ఇప్పుడు ఎనభై రెండేళ్ళు, చెవులు ఇంకా బాగా పనిచేస్తాయి.

“మాణిక్యాంబ గారూ,” అంది రాజ్యం, చక్కెర అప్పు అడిగినంత మెత్తగా. “ఆ రోజు మా వారు ఇటే వస్తున్నారటండీ. కారు ఇటే తిరిగుందట. అక్క కళ్ళారా చూసొచ్చింది.”

మాణిక్యాంబ గారు తీసిన దుప్పటిని మళ్ళీ దండెం మీదే వేశారు. తప్పు ఒప్పుకోవడానికి మాటలు వెతికారో, ఏమో. ముప్పై అయిదేళ్ళ మర్యాద అలవాటు కొద్దీ ఆవిడ నోటి నుంచి వచ్చింది ఒక్కటే. “అలాగాండీ. ఎప్పుడొస్తారండీ?”

“దారిలో ఉన్నారండీ,” అంది రాజ్యం.

ఆ సాయంత్రం ఆరింటికి గూడేనికి ఫోను చేసి కోత మొదలుపెట్టమన్నాను. ఎనిమిదిలోపు ఏలూరు చేరాం. కారు లేనివాళ్ళు గూడెం నుంచి రైలెక్కితే గంటలోపు వచ్చేయొచ్చు. ఇంజను ఇప్పుడు నడుస్తోంది. వణుకు లేదు. ఆగి ఉన్నప్పుడు నడుస్తోందో లేదో బానెట్టు మీద చేయి పెట్టి చూసుకోవాల్సినంత మెత్తగా ఉంది. యంత్రం గురించి తెలుసుకోదగినదంతా తెలుసుకున్నాను. మునిగేటప్పుడు తిరుగుతోంది, ఇంటి వైపు తిరిగి ఉంది. మనిషి గురించి తెలిసింది మాత్రం తలుపు తీసుకున్నాడని. మా చెల్లెలికి అది చాలింది. ఊరు చెప్పిన కథ పోయి దాని కథ నిలిచింది. నేను ఇలాంటి వాటికి రుజువు అడిగే మనిషిని. ఈసారి అడగలేదు. ఎందుకంటే ఆ రోజు నుంచీ రాజ్యం రాత్రి వీధి తలుపు గడియ పెట్టడం మానేసింది, నేను ఆ ఇంట్లో పడుకున్న రెండు రాత్రులూ లేచి పెట్టబోయి, పెట్టలేకపోయాను.

ఇక పనికొచ్చే మాట ఒకటి. పిస్టన్లు చేతికి రాకముందే సిలిండర్లు కోయించకండి. ముందు నాలుగింటినీ కొలిపించి, తూకం వేయించి, ఏ పిస్టను కొలతకు ఆ లైనరు కోయించి, రెండింటికీ ఒకే అంకె వేయించండి. పాత ఇనుము కొట్లో కొనేటట్టయితే ధర అడిగే ముందు అది ఎక్కడ దొరికిందో, ఎటు తిరిగి ఉండగా దొరికిందో అడగండి. చెప్పడానికి షావుకారు తడబడితే, బేరం ఆపి, ఆ చోటికి వెళ్ళి చూసి రండి.